హోము నుంచి బయటికెళ్లే పిల్లకి ఏం నేర్పాం, ఎలా నేర్పాం: ఒక కేసు మొత్తం

ఈ కేసులో అమ్మాయి పేరు, హోము పేరు, జిల్లా ఏవీ రాయడం లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల వివరాలు బయటపెట్టకూడదు, చట్టం లేకపోయినా నేను పెట్టను. హైదరాబాద్ శివార్లలో, ఇంట్లో చూసుకునేవాళ్లు లేని ఆడపిల్లలు పెరిగే ఒక హోము అనుకోండి చాలు. తను ఇప్పుడు మేజర్, రాయడానికి ఒప్పుకుంది, రాసింది చదివి రెండు చోట్ల మార్పించింది కూడా. నేను అక్కడ సోషల్ వర్కర్‌ని. పదహారు దాటిన పిల్లల్ని బయటి బతుక్కి సిద్ధం చేయడం నా పని.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. హోములో పెరిగే పిల్లలు 18 నిండగానే హోము వదిలిపెట్టాలి. పైన చెప్పిన జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 46వ సెక్షన్ కింద వాళ్లు బయట కుదురుకోవడానికి ఆర్థిక సాయం ఇవ్వొచ్చు, దీన్నే ఆఫ్టర్ కేర్ అంటాం, 21 ఏళ్ల వరకు, మరీ తప్పని పరిస్థితుల్లో 23 వరకు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఇది నెలకు 4,000 రూపాయలు. అది మంజూరై చేతికి ఎప్పుడొస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి ఆ డబ్బు నమ్ముకుని ఎక్కడా అద్దెకి మాటివ్వొద్దని పిల్లలకి ముందే చెప్పేస్తాను. పిల్ల వెళ్లడానికి రెండు నెలల ముందు పోస్ట్ రిలీజ్ ప్లాన్, అంటే బయటికెళ్లాక ఎలా బతకాలో చెప్పే ప్రణాళిక, రాసి బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వాలని రూల్స్‌లో ఉంది. కాగితం రాయడానికి రెండు నెలలు సరిపోతాయి, పిల్ల తయారవడానికి మాత్రం నా లెక్కలో కనీసం ఏడాదిన్నర కావాలి.

ఈ అమ్మాయి ఆరేళ్ల వయసులో వచ్చింది. తల్లి చనిపోయింది, తండ్రి ఎటు పోయాడో తెలీదు, మేనమామ తీసుకొచ్చి వదిలి వెళ్లాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ చూడ్డానికి రాలేదు. నేను ఈ కేసు తీసుకునేసరికి టెన్త్ పాసై ఇంటర్ వొకేషనల్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. ముందుగా మా దగ్గరుండే ఫారం నింపాను. వంట వచ్చా, వచ్చు. బట్టలు ఉతుక్కుంటుందా, తనవీ చిన్నపిల్లలవీ కలిపి ఉతుకుతుంది. పొద్దున్నే లేస్తుందా, అందర్నీ లేపేదే తను. అరవై మందికి అన్నం ఎసరు చూసేది, పొద్దున బడికెళ్లే చిన్నపిల్లలకి వరసగా కూర్చోబెట్టి జడలేసేది తనే. ఫారం ప్రకారం అన్నీ పాస్. 'దీనికి మీరేం నేర్పుతారు, మనకే నేర్పుతుంది' అంది వార్డెన్, అది ప్రేమతో అన్నమాటే.

తనని ఒకరోజు కిరాణా షాపుకి తీసుకెళ్లాను. చేతిలో 200 పెట్టి, ఇద్దరికి రెండు రోజులకి సరిపడా కందిపప్పు, నూనె, ఉల్లిగడ్డలు తెమ్మని నేను పక్కన నిలబడ్డాను. 'కందిపప్పు ఇవ్వండి' అంది. 'ఎంత గావాలె బిడ్డా?' అన్నాడు షాపాయన. తను నావైపు చూసింది. హోములో కందిపప్పు బస్తాల్లో దిగుతుంది, స్టోర్ రూమ్‌లో వార్డెన్ తూచి ఇస్తుంది, అరవై మందికి ఎన్ని కిలోలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, ఇద్దరికి ఎంతో తెలీదు. వెనకాల జనం నిలబడ్డారు, ఆ కంగారులో 'రెండు కిలోలు' అనేసింది. తన చేతిలో ఉన్న డబ్బుకి రెండు కిలోలు రావు. షాపాయన మంచివాడు, 'ఇద్దరికైతే పావుకిలో చాల్తది తియ్యి' అని తనే తూచి ఇచ్చాడు. ఆ సాయంత్రం చిన్న స్టవ్ మీద చిన్న గిన్నె పెట్టుకుని వండుతూ, పప్పులో ఉప్పు వేయబోయి పిడికిలి నిండా తీసుకుని, గిన్నె మీద చెయ్యి అలాగే ఆపేసింది. 'అక్కా, ఎంతెయ్యాలె?' అని అడిగింది.

ఈ కేసంతా ఇక్కడి నుంచే అల్లుకుంటూ వచ్చింది. హోములో పిల్లలకి పని చాలా వస్తుంది, ఇళ్లల్లో పెరిగే పిల్లలకంటే ఎక్కువే వస్తుంది. కానీ ఏదీ వాళ్లు నిర్ణయించరు. సబ్బు నెల మొదట్లో వస్తుంది, ఏ సబ్బో ఎవరూ అడగరు. తినే టైమూ, పడుకునే టైమూ, కట్టుకునే బట్టా, వెళ్లే ఆస్పత్రీ అన్నీ ఎవరో అనుకుంటే జరుగుతాయి. పదేళ్లు అలా పెరిగిన పిల్లకి బడ్జెట్ గురించి క్లాసులు చెప్పి, చార్టులు గోడకి అంటించి పంపిస్తే లాభం లేదని నా గట్టి నమ్మకం. నిజమైన డబ్బు, నిజమైన కాగితం, నిజమైన ఫోన్ కాల్ తన చేతిలో పెట్టాలి, తేడా వస్తే నష్టం చిన్నదిగా ఉండే వయసులోనే పెట్టాలి. సూపరింటెండెంట్‌తో మాట్లాడి, ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్‌లో రాసి, ఇవన్నీ కమిటీకి తెలిసేలాగే చేశాం. చాటుమాటుగా చేస్తే మధ్యలో ఎవరో అభ్యంతరం చెప్పి ఆపేస్తారు.

డబ్బు

ప్రతి శనివారం 300 తన చేతికిచ్చేవాళ్లం. సబ్బు, షాంపూ, నూనె, పేస్టు, పెన్నులు, చిరుతిళ్లు అన్నీ అందులోనే, హోము స్టోర్ నుంచి తనకి ఇవ్వడం ఆపేశాం. శానిటరీ ప్యాడ్స్ మాత్రం ఈ లెక్కలో పెట్టనివ్వలేదు, ఆరోగ్యానికి సంబంధించినవి ఇలాంటి ప్రయోగంలోకి తీసుకురాకూడదు. మధ్యలో అయిపోతే మళ్లీ ఇవ్వం, ఎందుకు కొన్నావని తిట్టం. ఈ రెండో మాట పాటించడం స్టాఫ్‌కి మొదటిదానికంటే కష్టమైంది.

మొదట్లోనే ఒక వారం స్నేహితురాలి పుట్టినరోజుకి కేకు కొనింది, మిగిలినదాంతో క్లిప్పులు కొనింది. బుధవారానికి సబ్బు అరిగిపోయింది. వార్డెన్‌కి నా మీద బాగా కోపమొచ్చింది, 'ఒక సబ్బు ఇస్తే మన సొమ్మేం పోతుంది?' అని. ఇక్కడ మూడు రోజులు సబ్బు లేక ఇబ్బందిపడితే చుట్టూ మనమున్నాం, రెండేళ్ల తర్వాత అద్దె కట్టలేక ఇబ్బందిపడితే ఎవరుంటారు అని నేను అడిగాను. డబ్బులు అయిపోవడం మామూలే, ప్రతి పిల్లకీ అవుతుంది. తను ఎవరినీ అడక్కుండా బట్టల సబ్బుతో స్నానం చేసి ఊరుకోవడం నన్ను కంగారుపెట్టింది. పక్క మంచం పిల్లని అడగొచ్చు, నన్ను అప్పుగా ఓ ఇరవై అడగొచ్చు. అడిగితే తిడతారని చిన్నప్పుడే మనసులో పడిపోయింది, దాంతో అవసరం వస్తే నోరు మూసుకోవడం అలవాటైపోయింది. అందుకని ప్లాన్‌లో 'అడగడం' అని విడిగా ఒక అంశం రాసుకున్నాను. ఎవరిని ఏ విషయానికి అడగొచ్చో తనే ఒక పేజీ రాసింది. జ్వరమొస్తే ఎవరు, డబ్బు తక్కువైతే ఎవరు, ఎవరైనా వెంటపడుతుంటే ఎవరు. జ్వరం దగ్గర నా పేరు రాసింది, డబ్బు దగ్గర ఖాళీగానే ఉంచింది.

ఖర్చులు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేది. ఒక పేజీలో 'ఎటు పోయిందో తెలీదు, 40' అని ఉంది. అది చూసి నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే లెక్క కుదరాలని అబద్ధం రాయలేదు. నేను ఆ పుస్తకాన్ని ఏ రోజూ దిద్దలేదు. దిద్దితే అది నాకోసం రాసే పుస్తకం అయిపోయేది.

కాగితాలు

హోముల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈ భాగం మాత్రం వదలకండి. తన ఆధార్ చూస్తే మూడు సమస్యలు. పుట్టినతేదీ టెన్త్ మెమోలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. 15 ఏళ్లకి చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ జరగలేదు. అన్నిటికంటే పెద్దది, దానికి లింకై ఉన్న ఫోన్ నంబర్ ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఒక స్టాఫ్‌ది. అంటే ఈ పిల్ల పేరు మీద ఏ ఓటీపీ వచ్చినా ఎక్కడో ఉన్న వేరే మనిషి ఫోన్‌లో మోగుతుంది. 18 నిండాక రోడ్డు మీద నిలబడి ఈ సంగతి తెలిస్తే సిమ్ రాదు, బ్యాంకు పని కాదు, హాస్టల్లో రూమ్ కూడా కష్టం. బయోమెట్రిక్, పుట్టినతేదీ ముందే సరిచేయించి, నంబర్ తాత్కాలికంగా హోము అధికారిక నంబర్‌కి మార్చాం. మైనర్ పేరు మీద సిమ్ ఇవ్వరు కాబట్టి, 18 నిండిన వారంలోనే తన సిమ్ తనే తీసుకుని ఆధార్‌కి లింక్ చేయించుకోవాలని తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆధార్ సెంటర్‌లో క్యూలో నిలబడింది, ఫారం నింపింది, కౌంటర్ దగ్గర మాట్లాడింది అన్నీ తనే. నేను కుర్చీలో కూర్చున్నాను.

బ్యాంకులో ఇంకో చిక్కు. పదేళ్లు దాటిన పిల్లలు తమ ఖాతా తామే నడుపుకోవచ్చు, 18 నిండాక మళ్లీ కేవైసీ, కొత్త సంతకం ఇవ్వాలి. విత్‌డ్రాయల్ ఫారం నింపింది, సంతకం కలవలేదని వెనక్కిచ్చారు. మళ్లీ పెట్టింది, మళ్లీ కలవలేదు. పాపం, సంతకం పెట్టే అవసరం ఆ పిల్లకి అప్పటిదాకా ఎప్పుడొచ్చింది కనుక. పేరు మొత్తం గుండ్రటి అక్షరాల్లో కాపీ రైటింగ్‌లా రాస్తోంది, భయపడితే అక్షరాలు చిన్నవైపోతున్నాయి. ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు, చివర ఒక గీత అని తనే పొట్టిగా ఒకటి కుదుర్చుకుంది. పాత పేపర్ల వెనకాల, చేతి మీద, బస్సు అద్దం మీద ఆవిరి పడితే దాని మీద కూడా రాసేది. మేజరయ్యాక బ్యాంకులో ఇచ్చింది ఆ సంతకమే.

ఒరిజినల్స్ సంగతీ చెప్పాలి. పోతాయేమోనని హోముల్లో పిల్లల కార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా, ఈ అమ్మాయి కాలేజీకి జిరాక్స్ పట్టుకుని ఎక్కితే కండక్టర్ ఒరిజినల్ చూపించమన్నాడు, జీరో టికెట్ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి తన కార్డు తన దగ్గరే. పోతే పోయింది, పోగొట్టుకుంటే మళ్లీ ఎలా తెచ్చుకోవాలో అదీ నేర్చుకోవాల్సిందే. పోగొట్టుకోలేదు.

ఫోన్, ఆస్పత్రి వగైరా తొందరగానే వచ్చాయి. తెలియనివాళ్లకి ఫోన్ చేయాలంటే 'హలో అన్నాక ఏం మాట్లాడాలె అక్కా' అని వణికేది, నేనెవరు, ఎందుకు చేశాను, నాకేం కావాలి అని మూడు ముక్కలు కాగితం మీద రాసుకుని చేసేది, కొన్నాళ్లకి కాగితం మానేసింది. చెవి నొప్పికి ప్రభుత్వాసుపత్రికి ఒక్కతే వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని చూపించుకొచ్చింది కానీ, మాత్రలు తినకముందా తిన్నాకా అని అడగలేదు. మళ్లీ పంపించాను, అడిగి వచ్చింది. యూపీఐ గురించి ఒక్కటే పదేపదే చెప్పాను: పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, మనకి రావాల్సిన డబ్బుకి పిన్ కొట్టమని ఎవడన్నా అడిగితే వాడు దొంగ, పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి. లోన్ యాప్‌ల గురించి 2020లో హైదరాబాద్‌లో జరిగిన ఆత్మహత్యలు, అరెస్టుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

'మీ అమ్మానాన్న ఏం చేస్తారు?'

ఏ లైఫ్ స్కిల్స్ పుస్తకంలోనూ నాకు కనబడని పాఠం ఇది, హోము పిల్లలకి అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే. హాస్టల్ ఆంటీ అడుగుతుంది, ఉద్యోగంలో పక్కసీటు అమ్మాయి అడుగుతుంది, ఆటోవాడు కూడా అడుగుతాడు. హోము అని చెప్తే కొందరు జాలిపడతారు, కొందరు ఎవరూ లేని పిల్ల అని లోకువ కడతారు, అడిగేవాళ్లు లేరని తెలిస్తే ఎంతకైనా తెగించేవాళ్లూ ఉంటారు. చెప్పకపోతే అబద్ధమాడానని ఈ పిల్లలు లోపల్లోపల కుమిలిపోతారు. తనతో దీని గురించి చాలాసార్లు కూర్చున్నాను. ఎవరికి ఎంత చెప్పాలో అది తన ఇష్టం, సగం చెప్పడం అబద్ధం కాదు, ఈ రెండూ ఒంటబట్టడానికి సమయం పట్టింది. చివరికి తనే ఒక మాట తయారుచేసుకుంది: 'అమ్మ లేదండీ, హాస్టల్లో ఉండి చదువుకున్నా.' దాని తర్వాత ఇంకో ప్రశ్న వేస్తే మాట ఎలా మార్చాలో కూడా ప్రాక్టీస్ చేశాం, నేను హాస్టల్ ఆంటీలా కూర్చుని గుచ్చిగుచ్చి అడిగేదాన్ని.

నిజం హాస్టల్ ఆంటీ అంతకంటే గట్టిగా అడిగింది. గార్డియన్ ఎవరు, ఆధార్ జిరాక్స్ కావాలి, నంబర్ కావాలి. నా నంబర్ ఇచ్చాం. తను ముందే రాసుకొచ్చిన ప్రశ్నలు తీసి, అడ్వాన్స్ ఎంత, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత పట్టుకుంటారు, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, రసీదు ఇస్తారా అని అడిగింది. రసీదు మాట విని ఆవిడ కొంచెం ఆశ్చర్యపోయింది. ఇచ్చింది.

బయట

ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేరింది. జీతం 13,000 అన్నారు, చేతికి 11,702 వచ్చింది. తను హడలిపోయి ఫోన్ చేసింది, మోసం చేశారనుకుంది. పే స్లిప్ తీయించి ఇద్దరం కూర్చుని చూశాం. బేసిక్ 10,000 మీద 12 శాతం పీఎఫ్ 1,200, ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐకి మొత్తం జీతం మీద 0.75 శాతం అంటే 98. పీఎఫ్ డబ్బు తనదే, కంపెనీ కూడా వేస్తుంది, యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్ ఉద్యోగం మారినా అదే ఉంటుంది, ఈఎస్ఐ ఉంటే వైద్యానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఇవన్నీ ముందే చెప్పి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. తన సొంత స్లిప్ మీద తన సొంత 1,298 తగ్గినప్పుడు విన్నంత శ్రద్ధగా ఏ క్లాసులో వింటుంది?

ఏడాది తిరక్కుండా ల్యాబ్‌లోనే పనిచేసే ఇంకో ఇద్దరితో కలిసి ఒక గది తీసుకుంది. అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డు మీద ఇచ్చే 5 కిలోల సిలిండర్ తెచ్చుకున్నారు. అద్దె ముగ్గురి మధ్య, కరెంటు బిల్లు ముగ్గురి మధ్య, ఫ్యాన్ ఎవరు ఎక్కువ వాడుతున్నారని గొడవ కూడా ముగ్గురి మధ్య. ఆ గొడవ తనే తెంపుకుంది, నాకు అయిపోయాక తెలిసింది.

అప్పుడు మేనమామ వచ్చాడు. సోషల్ మీడియాలో వెతికి పట్టుకుని ఫోన్ చేశాడు. కూతురి హాఫ్ శారీ ఫంక్షన్ ఉంది, 20,000 సర్దమన్నాడు. ఈ వయసులో సంపాదన మొదలవగానే చుట్టాలు తేలడం మా పనిలో చాలాసార్లు చూస్తుంటాం. స్టాఫ్ అందరూ ఒకటే మాట, నంబర్ బ్లాక్ చేయించు అని. తను మాత్రం 'నాకు కూడా చుట్టాలున్నరు అక్కా' అని ఏడుస్తూ నవ్వింది. వద్దనే హక్కు నాకు లేదు. అప్పటిదాకా నిర్ణయాలు నీవే అని చెప్పి, తన జీవితంలో అతి పెద్ద నిర్ణయం వచ్చినప్పుడు నేను తీసుకుంటే ఇన్నాళ్లు చేసిన పనికి అర్థముండదు. ఒక్కటే అడిగాను: తిరిగి రాదనుకుని ఎంత ఇవ్వగలవు, ఇచ్చాక వచ్చే నెల అద్దె కట్టగలవా? నోట్‌బుక్ తీసి చూసుకుని 2,000 అంది. అంతే ఇచ్చింది, ఫంక్షన్‌కి వెళ్లింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంటవాళ్ల దగ్గరే నిలబెట్టారు, పెద్ద వంట బాగా వచ్చని తెలిసి. ఫొటోల్లో లేదు. ఇదంతా తనే చెప్పింది, చెప్పి 'దసరాకి మళ్ల పోత, పైసలు మాత్రం ఇయ్యను' అంది. నేనైతే వెళ్లేదాన్ని కాదు. దసరాకి తను వెళ్లింది, డబ్బు ఇవ్వలేదు, అత్త ముఖం మాడ్చుకుంది, మరదలు మాత్రం ఇప్పుడు వారం వారం ఫోన్ చేస్తుంది.

ఇంకా రానివి ఉన్నాయి. వంట ఇంత వచ్చినా ఒక్కదాని కోసం వండుకోదు, రూమ్‌మేట్స్ ఊరెళ్తే రాత్రుళ్లు బిస్కెట్లతో గడిపేస్తుంది. రికరింగ్ డిపాజిట్ 500తో మొదలుపెట్టింది, రెండు నెలలు కట్టి ఒక నెల ఎగ్గొడుతుంది. ఈఎస్ఐ కార్డు ఉంది కానీ డిస్పెన్సరీ గడప తొక్కలేదు, నొప్పొస్తే మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని డ్యూటీకి పోతుంది, అడగడం దగ్గర ఇంకా పాత బెరుకు అక్కడక్కడా ఉంది.

ఈ కేసు తర్వాత హోములో ఒక పద్ధతి మార్చాం. పదహారు దాటిన పిల్లలు ఆదివారం రాత్రి నలుగురేసి ఒక జట్టుగా తమ భోజనం తామే చూసుకుంటారు, డబ్బు చేతికిస్తాం, ఏం వండాలో, ఎంత కొనాలో వాళ్లిష్టం. మొదటి వారం ఒక జట్టు డబ్బంతా చికెన్‌కి పెట్టి బియ్యానికి లేకుండా చేసుకుంది, పక్క జట్టుని అడిగి తెచ్చుకున్నారు. వార్డెన్ ఈసారి నాతో గొడవపడలేదు, తనే స్టోర్ రూమ్‌కి తాళం వేసి తాళం చెవి నా చేతికిచ్చింది. ఈ అమ్మాయికి 21 నిండేలోపు నా ప్లాన్‌లో మిగిలినవి రెండు: ఒకసారి ఈఎస్ఐ డిస్పెన్సరీకి తనంతట తాను వెళ్లి రావడం, ఆ పేజీలో డబ్బు దగ్గర ఖాళీగా ఉంచిన చోట ఎవరిదైనా ఒక పేరు రాసుకోవడం.